గుర్రానికి షుగరేంటి?

బాపట్లలో పెళ్ళి ఊరేగింపు మధ్యలో మా తెల్లగుర్రం ఆగిపోయిందని ఫోన్ వచ్చేసరికి నేను తెనాలిలో ఉన్నాను. నేను పనిచేసే ల్యాబులో రక్తపరీక్ష కోసం ఒక పెద్దాయన జబ్బకి రబ్బరు పట్టీ కట్టి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నాను. "ఆగిపోవడమేంటి?" అని అరిచాను. ఆ పెద్దాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెళ్ళికొడుకు ఎక్కాక మా గుర్రం ఆగడమన్నది నేనెప్పుడూ వినలేదు. పక్కనే టపాకాయలు పేలినా, బ్యాండువాళ్ళు చెవి దగ్గర సన్నాయి ఊదినా, బామ్మర్దులు తూలుతూ వచ్చి మీద పడినా అది తన దారిన తాను తలూపుకుంటూ నడిచేది. అలాంటిది ముందుకాళ్ళు రెండూ ముందుకి చాచి, ఒంటి బరువంతా వెనక్కి వేసి, నడిరోడ్డు మీద బిగుసుకుపోయిందట. పెళ్ళికొడుకు దిగి కారెక్కాడు. మా నాన్న గుర్రం పక్కన రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

మాది రేపల్లె. తెనాలి నుంచి వచ్చే రైలు అక్కడితో ఆగిపోతుంది, ఆ పైన అన్నీ బస్సులే. మా తాత ఆ స్టేషను బయట జట్కా తోలేవాడు. జట్కాలు పోయి ఆటోలు వచ్చాక నాన్న పెళ్ళిళ్ళకి గుర్రం తిప్పడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ఎవరి పెళ్ళికొడుకు గుర్రమెక్కాలన్నా మా ఇంటికే కబురొచ్చేది. ఇంట్లో మేం ఉర్దూ, తెలుగూ కలగలిపి మాట్లాడుకుంటాం. గుర్రంతో మాత్రం నాన్నది తెలుగే. దానికి పేరు పెట్టలేదు. "అమ్మాయ్" అని పిలుస్తాడు. నన్ను కూడా "అమ్మాయ్" అనే పిలుస్తాడు. ఎవర్ని పిలుస్తున్నాడో గొంతుని బట్టి తెలుసుకోవాలి. మెత్తగా పిలిస్తే గుర్రాన్ని, గట్టిగా పిలిస్తే నన్ను. పెళ్ళై తెనాలి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ విషయంలో నాకు గుర్రం మీద కాస్త కుళ్ళు ఉంది.

మా వైపు పెళ్ళిళ్ళలో గుర్రం నోరు తీపి చెయ్యకుండా పెళ్ళికొడుకుని ఎక్కించరు. ఇంటి ఆడవాళ్ళు పళ్ళెంలో బెల్లం ముక్కలు, నానబెట్టిన శనగలు తెచ్చి పెడతారు. గుర్రాన్ని నడిపించే మనిషి చేతిలో కూడా ఒక మిఠాయి పెడతారు. ఒకళ్ళు పెడితే ఊరుకోరు. పెళ్ళికొడుకు మేనత్త పెట్టాక అమ్మమ్మ పెట్టాలి, వీధి చివర ఇంకో ఇంటివాళ్ళు పెట్టాలి. పెట్టిన చేతిని కాదంటే శుభకార్యంలో వంక పెట్టినట్టే. నాన్న ఎప్పుడూ ఎవర్నీ కాదనలేదు.

అలాంటి మనిషికి షుగర్ ఉందని మా ల్యాబు మెషీన్ మీద నేనే కనిపెట్టాను. ఆ రోజు నేను వేసిన కేకలకి వీధంతా తలుపులు తీసింది. లడ్డు ముట్టుకుంటే నా మీద ఒట్టే అన్నాను. నాన్న తలొంచుకుని "సరే అమ్మాయ్" అన్నాడు. నేను నమ్మలేదు. అయితే ఆ తర్వాత ఎప్పుడు రక్తం తీసినా షుగర్ దిగుతూనే వచ్చింది. ల్యాబుకి వచ్చేవాళ్ళకి మా నాన్నని ఆదర్శంగా చెప్పేదాన్ని. "మా నాన్న పెళ్ళిళ్ళలో తిరిగే మనిషండి, అయినా తీపి ముట్టుకోడు. మీకేంటి కష్టం?" అని దబాయించేదాన్ని. అమ్మకి మాత్రం ఒకటే గొడవ. పెళ్ళిళ్ళకి నాన్న వేసుకునే నల్లకోటు జేబుల్లో ఎప్పుడు చూసినా చీమలు. "ఈ చీమలు ఎక్కడి నుంచి వస్తాయో అల్లాకే తెలియాలి" అనుకుంటూ దులిపేది.

మర్నాడు నేను రేపల్లె వెళ్ళేసరికి గుర్రాన్ని వ్యానులో ఇంటికి చేర్చారు. అమ్మ అప్పటికే ఎండుమిరపకాయలతో దిష్టి తీసేసింది. గుర్రం పెరట్లో పడుకుని ఉంది. పగటిపూట అది పడుకోగా నేను చూడలేదు. లేపితే లేచింది కానీ, కాలు నేల మీద మోపడానికి భయపడుతోంది. 

బాపట్ల నుంచి పశువుల డాక్టరు గారు వచ్చారు. రోజూ చూసేది గేదెల్నే అయినా, చదువుకునే రోజుల్లో గుర్రాల దగ్గర పనిచేశారట. గిట్టలు ముట్టుకుని చూశారు, వేడిగా ఉన్నాయి. గిట్ట పైన నాడి పట్టుకుని చూశారు. తర్వాత మెడ మీద, జూలు కింద, చేత్తో అటూ ఇటూ కదిపి చూశారు.

"సాయిబు గారూ, ఇది దెబ్బ కాదు, మేకు గుచ్చుకోవడమూ కాదండి. గిట్టల లోపల వాపు. ఈ మెడ చూశారా? ఇదంతా కొవ్వండి."

"అది మా అమ్మాయి అందం కదండీ" అన్నాడు నాన్న అమాయకంగా. నిజమే, ఆ మెడ చూసి మేమందరం మురిసిపోయేవాళ్ళం. పూలదండ వేస్తే జారకుండా నిలబడేది.

"అందం కాదండి, జబ్బు గుర్తు. దీనికి ఇన్సులిన్‌తో తేడా వచ్చిందని నా అనుమానం."

"గుర్రానికి షుగరేంటండీ?" అన్నాను. రోజంతా షుగర్ పరీక్షలు చేసేదాన్ని, నేనే ఎప్పుడూ వినలేదు. పరిగెత్తే జంతువుకి షుగరేంటి? గడ్డి తినేదానికి షుగరేంటి?

ఆయన ఓపిగ్గా చెప్పారు. గుర్రాలకి మనలాగా రక్తంలో చక్కెర పెరగడం అరుదట. తీపి తిన్నప్పుడల్లా దాన్ని సర్దడానికి ఒళ్ళు అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది. పోనుపోను ఒళ్ళు ఆ ఇన్సులిన్‌కి లొంగదు, దాంతో ఇంకా ఇంకా వదులుతుంది. చక్కెర చూస్తే మామూలుగానే ఉంటుంది, పెరిగిన ఇన్సులిన్ మాత్రం గిట్టల్ని లోపల నుంచి పాడుచేస్తుంది. చివరగా ఆయన గొంతు తగ్గించారు. "ఇప్పటికి గిట్టలో ఎముక కదల్లేదండి. ఇంకోసారి ఇలా వస్తే కిందకి దిగుద్ది. అప్పుడిక అది నిలబడలేదు. నిలబడలేని గుర్రాన్ని బతికించి బాధపెట్టలేమండి."

నాన్న గుర్రం నుదుటి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

నొప్పితో ఉన్నప్పుడు పరీక్ష చేస్తే ఆ నొప్పికే ఇన్సులిన్ పెరిగి కనిపిస్తుందట, అందుకని కుదుటపడేదాకా ఆగుదామన్నారు. నొప్పికి మందులిచ్చారు. చేపల బజారు నుంచి ఐసు తెచ్చి కాళ్ళకి కట్టాం. కింద ఇసుక పోసి మెత్తగా చేశాం. మిల్లు నుంచి నాన్న ఏరికోరి తెచ్చే తవుడు ఆపించేశారు. మెల్లగా అది కాలు మోపడం మొదలుపెట్టింది. ఇంతలో రంజాన్ నెల వచ్చింది, ఇంట్లో అందరం ఉపవాసాలు మొదలుపెట్టాం.

పరీక్ష ఎలా చేస్తారో డాక్టరు గారు మా అందరి ముందూ చెప్పారు. ముందురోజు సాయంత్రం కాస్త ఎండుగడ్డి వేసి వదిలెయ్యాలి. పొద్దున ఆయన వచ్చేదాకా ఉపవాసం. వచ్చి ఒకసారి రక్తం తీస్తారు, తీపి పానకం పట్టిస్తారు, కాసేపాగి మళ్ళీ తీస్తారు. పానకానికి ముందూ తర్వాతా ఇన్సులిన్ ఎంత ఉందో చూస్తే సంగతి తేలిపోతుంది. మనుషుల కోసం మా ల్యాబులో వాడే కిట్టే గుర్రానికీ పనికొస్తుందని ముందే కనుక్కున్నారు.

"ఉపవాసమే కదండీ, మాతోపాటే ఉండుద్ది" అంది అమ్మ భరోసాగా. ఉపవాసాల ఇల్లు, ఇంతకన్నా మంచి చోటు దొరకదని డాక్టరు గారు కూడా నవ్వారు.

అనుకున్న రోజు పొద్దున్నే తెనాలి నుంచి నేను వచ్చాక మెడ నరం నుంచి రక్తం తీశారు. తర్వాత సూది లేని పెద్ద సిరంజితో నోట్లో పానకం పోశారు. మందనుకుని గింజుకుంటుందేమోనని నేనూ నాన్నా గట్టిగా పట్టుకుంటే, అది మూతి నాకుకుంటూ ఇంకా ఉందా అన్నట్టు సిరంజి వైపు మెడ చాచింది. రెండోసారి రక్తం తీశాక ఆ ట్యూబులు ఐసుపెట్టెలో సర్దుకుని రైలెక్కాను. ఎదురుగా కూర్చున్నావిడ "చేపలా అమ్మా?" అని అడిగింది. గుర్రం రక్తమని చెబితే లేచి వేరే సీటులోకి వెళ్ళిపోయింది.

ల్యాబులో కంప్యూటరు పేషెంటు ఆడా మగా చెప్పందే ముందుకి కదలనంది. ఆడ అని కొట్టి, పానకానికి ముందు తీసిన రక్తాన్ని మెషీన్లో పెట్టాను. వచ్చిన అంకె చూసి నిర్ఘాంతపోయాను. మెషీన్ పాడైందనుకున్నాను. కడిగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. రెండో రక్తం పెడితే అసలు అంకే రాలేదు, నా వల్ల కాదన్నట్టు చేతులెత్తేసింది. దాన్ని పల్చన చేసి కొలవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో ఏ మనిషి రక్తంలోనూ అంత ఇన్సులిన్ నేను చూడలేదు.

ఫోన్‌లో అంకెలు చెబితే డాక్టరు గారు ఇంకోసారి చదవమన్నారు. "ఉపవాసం మీదే అంత ఉందా అమ్మా?" అన్నారు. "మీరు పొరపాటు పడలేదు కదా?" అని మళ్ళీ అడిగారు. లేదన్నాను. "అయితే బాగా ముదిరిపోయిందండి. ఇంత ఉంటే నేనేం మాటివ్వలేను. నాన్నగారికి మెల్లగా చెప్పండి" అన్నారు.

మెల్లగా చెప్పడం నాకు ఎప్పుడు వచ్చు గనక? సాయంత్రం ఇఫ్తార్ వేళకి రేపల్లె చేరాను. నాన్న ఉపవాసం విడవడానికి ఖర్జూరం చేతిలోకి తీసుకున్నాడు. ముందు ఆయన్ని తిననిచ్చి ఉండాల్సింది. గుమ్మంలోనే నోరు జారాను. "నాన్నా, జబ్బు ముదిరిపోయిందట. బతకడం కష్టమంటున్నారు" అన్నాను. నాన్న చేతిలో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. మసీదు నుంచి అజాన్ వినిపించింది, ఆయన నోరు తెరవలేదు.

అమ్మే కోపంగా అందుకుంది. "ముదిరిపోవడమేంటి? పొద్దున సహరీకి కూడా శుభ్రంగా తిన్నదే!"

"ఎవరు?"

"ఎవరేంటి, గుర్రమే."

సహరీ అంటే ఉపవాసం మొదలుపెట్టే ముందు, ఇంకా తెల్లవారకుండానే లేచి తినే తిండి. అది తినకుండా మా ఇంట్లో పసిపిల్లలు కూడా ఉపవాసం ఉండరు.

"గుర్రానికి సహరీ పెట్టావా?" అన్నాను. 

"పెట్టకుండా ఉపవాసం ఎట్టా ఉంచుతారే? నోరులేని జీవం. మనమంతా తిని, దాని కడుపు మాడ్చమంటావా? రొట్టెలో బెల్లం పెట్టి ఇచ్చాను, కాసిని ఖర్జూరాలు కూడా. సంతోషంగా తిన్నది."

 అరవాలో, అమ్మని కావలించుకోవాలో తెలియలేదు. మొదట అరిచాను, తర్వాత ఏడ్చాను. తిట్లు ఎందుకు తింటోందో అమ్మకి అర్థం కాలేదు. నాన్నకి మాత్రం అర్థమైంది. ఖర్జూరం నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. డాక్టరు గారికి ఫోన్ చేసి చెబితే, "మా పుస్తకాల్లో ఎక్కడా గుర్రానికి సహరీ పెట్టొద్దని రాయలేదమ్మా" అన్నారు. ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మళ్ళీ చేద్దామన్నారు.

రెండోసారి నేను ముందురోజే వెళ్ళి, పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆకలిగొన్న గుర్రాన్ని పెట్టుకుని సహరీ ఎలా తింటామని తను కూడా మంచినీళ్ళతో సరిపెట్టుకుంది. ఈసారి పానకానికి ముందు తీసిన రక్తంలో ఇన్సులిన్ భయపడేంత లేదు. తర్వాత తీసినదాంట్లో మాత్రం ఎగబాకింది. అంటే జబ్బు ఉన్నమాట నిజం, కానీ చెయ్యి దాటిపోలేదు. తీపి పూర్తిగా మానేసి, గడ్డి కూడా అందులోని తీపి దిగిపోయేలా నీళ్ళలో నానబెట్టి పెడుతూ, మెల్లగా నడిపిస్తూ ఉంటే బతుకుతుందని డాక్టరు గారు ఫోన్‌లో చెప్పారు. 

ఆ వారం డాక్టరు గారు ఇంటికి వచ్చి పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకి ఒక్కటే సందేహం. "తవుడు ఒక్కటే ఇంత చెయ్యదండి. పెళ్ళిలో పెట్టే నాలుగు బెల్లం ముక్కలూ ఇంత చెయ్యవు. దీనికి తీపి ఎక్కడి నుంచో బాగా అందుతోంది" అన్నారు. అమ్మ తన పని కాదన్నట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

దండెం మీద నాన్న నల్లకోటు ఎండలో వేలాడుతోంది. మాటల్లో ఉండగా గుర్రం మెల్లగా కోటు దగ్గరికి నడిచింది. మొదట కుడిజేబులో మూతి పెట్టింది. తర్వాత ఎడమజేబులో. అలవాటైన ఇంట్లో వస్తువు వెతుక్కుంటున్నంత నిబ్బరంగా వెతికింది.

డాక్టరు గారు అదే చూస్తున్నారు. "ఆ జేబుల్లో ఏముంటదండీ సాయిబు గారూ?"

నాన్న నా వైపు చూశాడు. దొంగతనం చేసి దొరికిన పిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం.

"లడ్లండి" అన్నాడు. "లడ్లు, మైసూరుపాకులు, ఏది పెడితే అది. పెట్టిన చేతిని కాదనలేనండి, శుభమా అని పెడతారు. అమ్మాయేమో తినొద్దని ఒట్టు పెట్టింది. జేబులో వేసుకొచ్చి దీనికి పెట్టేవాణ్ణి. అమ్మాయి ఒట్టూ నిలబడింది, వాళ్ళ మాటా నిలబడింది. పని చేసే గుర్రం కదా, అరిగిపోద్దనుకున్నాను."

  ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయిన నాన్న రిపోర్టులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. ఆయన షుగర్ దిగినప్పుడల్లా దాని మెడ ఇంకాస్త లావెక్కింది. ఆయన మింగాల్సిన జబ్బు అది మింగింది. ఆ చీమలు కూడా అక్కడివే. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నాతో చెప్పొచ్చుగా?" అన్నాను చివరికి.

"చెబితే అరుస్తావుగా అమ్మాయ్" అన్నాడు. ఆ ఒక్కసారి నన్ను గుర్రాన్ని పిలిచే గొంతుతో పిలిచాడు. దానికి నాకు ఏడుపొచ్చింది.

డాక్టరు గారు కుర్చీలోంచి లేస్తూ, "ఇకనుంచి ఇద్దర్లో ఎవరూ తినకూడదండి. ఆ పెట్టే చేతుల్ని మీరే ఆపాలి. లేకపోతే మీరు ఎంత ప్రేమగా పెంచినా ఇది పడిపోద్ది" అన్నారు. నాన్న తలూపాడు కానీ, ఆ తలూపడంలో నాకు నమ్మకం కనిపించలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వద్దని చెప్పని మనిషి ఒక్కరోజులో ఎలా నేర్చుకుంటాడు?

ఎండాకాలమంతా గుర్రం ఇంట్లోనే ఉంది. నానబెట్టిన గడ్డి, ఉప్పుగడ్డ, పొద్దునా సాయంత్రం మట్టిరోడ్డు మీద నడక. మెడ కాస్త తగ్గింది. శ్రావణంలో తెనాలిలో ఒక పెళ్ళికి, ఊరేగింపు దూరం కొంచెమే కాబట్టి తీసుకెళ్ళొచ్చని డాక్టరు గారు అన్నారు. నేను కూడా వెళ్ళాను. గుర్రాన్ని చూడటానికి అని చెప్పాను, నిజానికి నాన్న చేతుల్ని చూడటానికి వెళ్ళాను.

పెళ్ళికొడుకు గుర్రమెక్కే ముందు వాళ్ళ నాయనమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. బెల్లం, శనగలు, పసుపు కుంకుమ, పక్కన పెద్ద లడ్డు. పట్టుచీర, పండిపోయిన జుట్టు, మొహమంతా నవ్వు. బెల్లం వాసనకి గుర్రం అప్పటికే మెడ చాచేసింది. "తీసుకోండి సాయిబు గారూ, మీరూ నోరు తీపి చేసుకోండి" అంది. నాన్న చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్ళింది.  ముందుకెళ్ళిన ఆ చెయ్యి పక్కకి తిరిగి గుర్రం మూతికి అడ్డం పడింది.

"వద్దమ్మా" అన్నాడు. బ్యాండు మోతలో ఆవిడకి వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఏమీ అనుకోకమ్మా. మా ఇద్దరికీ షుగర్."

ఆవిడ బిత్తరపోయి ఆయన్నీ గుర్రాన్నీ మార్చి మార్చి చూసింది. "గుర్రానికి షుగరేంటండీ!" అంది. నాన్న ఆవిడకి దండం పెట్టాడు. ఆవిడ కాసేపు తటపటాయించి, పళ్ళెం పక్కావిడ చేతికిచ్చి, పసుపు కుంకుమ తీసి గుర్రం నుదుటి మీద పెట్టింది. పెళ్ళికొడుకు ఎక్కాడు. గుర్రం నాలుగు కాళ్ళ మీద సమంగా నడిచింది.

ఊరేగింపు అయ్యాక, మండపం బయట, అది నాన్న కోటు కుడిజేబులో మూతి పెట్టి వెతికింది. నాన్న జేబు గుడ్డ బయటికి లాగి, తిరగేసి చూపించాడు. "ఏం లేదమ్మాయ్" అన్నాడు మెత్తగా. అది నమ్మలేదు, ఎడమవైపుకి వచ్చింది. ఆయన ఆ జేబు కూడా తిరగేసి చూపించాడు.